మూడు భాషల్లో మూడు కరపత్రాలు

ఈ కేసు ఎప్పుడో రాయాల్సింది. అందులో ఉన్నవాళ్లు ఇప్పటికీ అదే సంతకి వెళ్తారు, అదే షేర్ ఆటో ఎక్కుతారు, అందుకే ఇన్నాళ్లు ఆగాను. ఇప్పుడైనా జిల్లా పేరు చెప్పను. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి, వీటిలో ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న ఏదో ఒక బ్లాకు అనుకోండి. కంపెనీ, ఖనిజం, ఏడాది కూడా చెప్పను. ఒకటి రెండు చిన్న వివరాలు కావాలనే మార్చాను. వాటివల్ల మేం తీసుకున్న నిర్ణయాలు గానీ, చేసిన తప్పులు గానీ మారవు.

నేను చాలా ఏళ్లు ఒక తెలుగు పేపర్ డెస్క్‌లో సబ్‌ఎడిటర్‌ని. ఎన్ని ప్రెస్‌నోట్లు దిద్దానో లెక్క లేదు. ఇప్పుడు ముగ్గురం కలిసి ఒక పని చేస్తున్నాం. ఏదైనా ప్రాజెక్టు గురించి ఊళ్లోకి వచ్చిన ప్రతి కరపత్రం, ఫ్లెక్సీ, వాట్సాప్ ఆడియో, పేపర్ ముక్క పోగుచేస్తాం. అది ఎక్కడ పుట్టిందో, ఎవరి డబ్బుతో తిరుగుతోందో వెనక్కి వెతుక్కుంటూ పోతాం. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది ఊరివాళ్లు తేల్చుకోవాలి. మేం దాని జోలికి పోం. పోకూడదనే అనుకుంటాం, ఈ కేసులో ఒకసారి పోయాం. అది తర్వాత చెబుతాను.

నేపథ్యం

భాష సంగతి తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. ఊరు ఒక్కటే, వీధులు మూడు. కింద పల్లం భూముల పక్కన తెలుగు వీధి. తాతల నాడు పార్వతీపురం, సాలూరు వైపు నుంచి వచ్చి సాగు చేసుకుంటున్న కుటుంబాలు. రోడ్డు మీద ఒడియా వీధి. బడి, పోస్టాఫీసు, రేషన్ షాపు అక్కడే. గెడ్డ, అంటే వాగు, దాటి కొండెక్కితే కోందు ఆదివాసుల గూడెం, వాళ్ల భాష కువి. సంతలో బేరమాడేంత మాట అందరికీ అన్ని భాషల్లోనూ వస్తుంది. చదవడం దగ్గరే చిక్కు. తెలుగు వీధిలో నలభై దాటినవాళ్లు తెలుగు అక్షరాలే చదవగలరు. వాళ్ల పిల్లలు ఒడియా బడిలో చదివారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కొండ మీద గూడెంలో కాగితం చూసి తెలుసుకునేవాళ్లు దాదాపు లేరు, ఏదైనా చెవిన పడాల్సిందే.

ఈ ప్రాంతానికి ప్రాజెక్టు అనే మాట కొత్త కాదు. 2000 డిసెంబరులో కాశీపూర్ బ్లాకు మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు పోయారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభల ముందు పెట్టమంది. ఆ జూలై, ఆగస్టుల్లో 12 పల్లి సభలు, అంటే ఊరి సభలు, జరిగాయి, రాయగడ వైపు 7, కలహండి వైపు 5. పన్నెండూ వద్దనే చెప్పాయి. ఇక్కణ్ణుంచి నా అభిప్రాయం: సభలో చేతులెత్తేవాడి మాటకి అంత బలం ఉందని తేలాకే ప్రచారం పట్నం హోర్డింగుల మీంచి దిగి ఊరి వీధుల్లోకి నడిచింది.

మేం చూసిన కేసులో పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణకి తేదీ పడింది. ఇక్కడ దాన్ని అందరూ జన శుణాణి అంటారు, తెలుగువాళ్లు కూడా. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటించాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో వేయాలి. ఒడిశాలో స్థానిక భాషంటే ఒడియా. తెలుగు వీధి పెద్దలకి ఆ ప్రకటన కనిపించినా ఒకటే, కనిపించకపోయినా ఒకటే.

వాళ్లు అడిగింది

తెలుగు వీధి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "బాబూ, రైతు సమితని ఒకటి ఎలిసింది. ఇంటింటికీ కాయితాలు పంచుతున్నారు. ఊళ్లో మాటా మాటా పెరిగిపోతంది. ఆ సమితి ఎవలదో కాస్త తేల్చి చెప్పు."

వెళ్లేసరికి మాటామాటా దశ దాటిపోయింది. తెలుగు వీధివాళ్లు ఒడియా వీధి దుకాణంలో సరుకులు కొనడం మానేశారు. కొండవాళ్లు చింతపండు దింపడానికి వచ్చినప్పుడు తెలుగు వీధి అరుగుల మీద కూర్చునేవాళ్లట, అదీ ఆగిపోయింది. కారణం అడిగితే ఎవరి కథ వాళ్లది. "మమ్మల్ని పంపించేస్తారంట" అని ఒకరు. "వాళ్లకి ముందే డబ్బులందాయి" అని మరొకరు. ఇలాంటి ఊరికి వెళ్లినప్పుడు గొడవకి కారణం పాత పగా, కొత్త కాగితమా అన్నది ముందు తేల్చుకోవాలి. మేం తేల్చుకోలేదు. అడిగిన ప్రశ్న సూటిగా ఉంది, దాని వెంటే పరుగెత్తాం. సమితి ఎవరిది?

వెతుకులాట

చేతిలో ఉన్నది తెలుగు కరపత్రం ఒక్కటే. ఏ4లో సగం సైజు, నున్నటి కాగితం, పైన వరి కంకి బొమ్మ. కింద ప్రింటర్ పేరు లేదు. ఎన్నికల కరపత్రమైతే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ కింద ప్రింటర్, పబ్లిషర్ పేర్లూ చిరునామాలూ ఉండి తీరాలి, ఫిర్యాదు చేయడానికి ఒక దారి ఉంటుంది. ఇది ఎన్నిక కాదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

అచ్చు చూశాను. "అభివృద్ధి" అన్న మాట ప్రతిచోటా "అభివృద్‌ధి" అని పడింది. ధ వత్తు కిందకి దిగకుండా పక్కనే నిలబడిపోయింది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ పెట్టకుండా యూనికోడ్ తెలుగు అతికిస్తే ఇలా అవుతుంది. మా వైపు డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అనూ ఫాంట్లే వాడతారు. వాటితో కొట్టేవాళ్లు అక్షరం తప్పు కొడతారేమో గానీ వత్తు విరగ్గొట్టరు. పైగా తెలుగు వచ్చినవాడు ఎవడైనా చూసి ఉంటే ఆ మాట అలా అచ్చుకి పోదు. అంటే ఈ కాగితం తెలుగు చదవలేని చేతుల్లో తయారైంది. లోపల "భాగస్వామ్యదారులు తమ స్వరాన్ని వినిపించాలి" అని ఒక వాక్యం. మా ఊళ్లలో ఏ రైతూ ఈ జన్మలో అలా మాట్లాడడు. ఇంగ్లిష్‌లో రాసి తెలుగు చేయించారు. రైతు సమితి పేరు మీద ఉంది, రైతు మాత్రం రాయలేదు. సంత దగ్గర ఫ్లెక్సీలోనూ అదే విరిగిన వత్తు, ఫేస్‌బుక్ పేజీలోనూ అదే. మూడూ ఒకే డిజైనర్ పని.

పేజీ సంగతి తొందరగానే తేలింది. ఫేస్‌బుక్‌లో ప్రతి పేజీకీ ట్రాన్స్‌పరెన్సీ విభాగం ఉంటుంది; పేజీ ఎప్పుడు పెట్టారో, పేరెన్నిసార్లు మార్చారో అందులో కనిపిస్తుంది. ఈ సమితి పేజీ అంతకుముందు పండగ శుభాకాంక్షల పేజీ. ఫాలోవర్లతో సహా ఎవరో తెచ్చుకుని పేరు మార్చారు. ఫేస్‌బుక్ ప్రకటనల వివరాలుండే యాడ్ లైబ్రరీలో వాళ్ల ప్రకటనలకి డబ్బు కట్టినట్టు ఒక వ్యక్తి పేరుంది, సంస్థ పేరు లేదు. అక్కడితో ఆ దారి ఆగింది.

డబ్బు దారిలో మాత్రం ఒక కొస దొరికింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకి ఖర్చుపెట్టాలి. మాకు దొరికిన ప్రాజెక్టు కంపెనీ వార్షిక నివేదికలో ఏ జిల్లాలో ఏ పని ఎవరి ద్వారా చేశారో పట్టిక ఉంది. మా జిల్లా ఎదురుగా "నైపుణ్య శిక్షణ", దాని పక్కన ఒక ట్రస్టు పేరు. ఆ ట్రస్టు శిబిరం ఫ్లెక్సీ బ్లాకు ఆఫీసు గోడకి ఇంకా వేలాడుతోంది. అందులో ఉన్న ఫోన్ నంబరూ, కరపత్రం అడుగున ఉన్న ఫోన్ నంబరూ ఒక్కటే. మావాడు ఒకడు అక్కడే ఫ్లెక్సీ ముందు నిలబడి ఒక్కో అంకె పైకి చదువుతుంటే నేను కరపత్రం మీద టిక్కులు పెట్టుకున్నాను. పది టిక్కులూ పడ్డాయి. ఆ రాత్రి ముగ్గురం పరోటా తిని పండగ చేసుకున్నాం.

ఇక పై స్థాయి పైరవీ. ఇది మన దేశంలో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే రాసిపెట్టే పుస్తకమే లేదు. అమెరికాలో 1995 నుంచి లాబీయింగ్ వివరాలు బయటపెట్టాలన్న చట్టం ఉంది. 2012 చివర్లో వాల్‌మార్ట్ ఇండియాలో అడుగుపెట్టేందుకు చేసిన లాబీయింగ్ ఖర్చు గురించి మన పార్లమెంటులో గొడవ జరిగిందంటే, ఆ లెక్క అమెరికాలో దాఖలు చేసిన కాగితాల్లో ఉండబట్టే. దాని మీద జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ వేశారు. ఇక్కడ ఏ కంపెనీ మనిషి ఏ అధికారిని ఎన్నిసార్లు కలిశాడో చెప్పే రిజిస్టరు పెట్టాలన్న చట్టం లేదు. కాబట్టి కలిసినట్టు రుజువు వెతకడం మానేశాం. కాగితాల్లో ఏ మాట మారిందో చూస్తాం. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు కాగితాలు మొదటి దరఖాస్తు నుంచీ ఉంటాయి. మొదటి దాంట్లో ఊరి గెడ్డ ఏడాది పొడవునా పారుతుందని ఉంది. జన శుణాణికి ముందు వచ్చిన ముసాయిదా నివేదికలో అదే గెడ్డ వానాకాలపు వాగు అయిపోయింది. ఎవరు మార్చమన్నారో తెలియదు. ఆర్‌టీఐ వేశాం. ఒడిశాలో దానికి ఫారం-ఎ అని ప్రత్యేక నమూనా, పది రూపాయల ఫీజు. జవాబు జన శుణాణి అయిపోయాక వచ్చింది, అదీ "సంబంధిత కార్యాలయానికి బదిలీ చేశాం" అని.

బెడిసికొట్టింది

సమితి నుంచి ట్రస్టుకి, ట్రస్టు నుంచి కంపెనీకి బాణాలు గీసి ఒక పెద్ద చార్టు చేశాం. "సమితి వెనక ఎవరు?" అని హెడ్డింగు. డెస్క్ బుద్ధి పోదు కదా, ప్రశ్నార్థకం పెట్టి మరీ వేశాను. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, టీ దుకాణం గోడకి అతికించాం.

రెండు గంటల్లో జవాబు వచ్చింది. టీ తాగుతున్న ఒకాయన చార్టు పూర్తిగా చదివి, "ఎవల డబ్బయితే ఏటి బాబూ? రోడ్డు ఎవల డబ్బుతో ఏసినారో అడిగీసి నడుత్తామా?" అన్నాడు. పక్కాయన ఇంకో మెట్టు ఎక్కాడు. "మరి మీకెవలిస్తన్నారు?" న్యాయమైన ప్రశ్నే. మా ఖర్చులు మావే, బండి పెట్రోలు నా పాత పీఎఫ్ డబ్బు అని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు. నేనైనా నమ్మను.

మర్నాడు ఒక వాట్సాప్ ఆడియో తిరిగింది, ఒడియాలో. ఆంధ్రా నుంచి మనుషులొచ్చి మన ఉద్యోగాలు ఆపుతున్నారు, ఊళ్లో తెలుగువాళ్లే వాళ్లని పిలిపించారు అని. మా చేతికి వచ్చేసరికే జంట బాణాల గుర్తు పడింది, అంటే అప్పటికే చాలా చేతులు మారింది. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడే ఓటేస్తున్నవాళ్లని "ఆంధ్రావాళ్లు" అనడం పాత పుండు. మా చార్టు ఆ పుండు మీద గీకింది. మమ్మల్ని పిలిచిన పెద్దాయన రెండ్రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

అసలు తప్పు ఇంకొకటి ఉంది. చార్టులో ట్రస్టు నుంచి ఒడియా వీధి కుర్రాళ్ల క్లబ్బుకి కూడా ఒక బాణం గీశాం. ఆధారం ఏమిటంటే ట్రస్టు వాళ్లకి వాలీబాల్ నెట్టూ, జెర్సీలూ ఇచ్చింది; క్లబ్బు ప్రాజెక్టు కావాలంటోంది. ఈ రెండూ నిజమే. నెట్టు ఇచ్చినందుకే కావాలంటున్నారన్నది మా ఊహ. సాయంత్రం ఆరేడుగురు కుర్రాళ్లు వచ్చారు. గొడవ చేయలేదు. వాళ్లలో ఒకడు, ఐటీఐ చేసి కేరళలో మూడేళ్లు పనిచేసి వచ్చినవాడు, తెలుగులోనే అన్నాడు: "అన్నా, మా అమ్మ ఒక్కత్తే ఉంటంది. ఇక్కడ పని దొరికితే నాను కేరళ ఎల్లను. దానికి నెట్టు కావాలా?"

రాత్రంతా నిద్రపట్టలేదు. ప్రచారాన్ని వెతికేవాడికి కొన్నాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. అవతలి మాట అన్న ప్రతివాడూ అమ్ముడుపోయినవాడిలా కనిపిస్తాడు. మర్నాడు క్లబ్బు ముందు క్షమాపణ చెప్పాం. చార్టు చింపి, అదే గోడ మీద, అంతే సైజు కాగితం మీద, క్లబ్బు గురించి రాసింది తప్పని రాసి అతికించాం. మావాళ్లలో ఒకరు వద్దన్నారు, నమ్మకం పోతుందని. పేపర్లలో హెడ్డింగు తప్పుకి సవరణ లోపలి పేజీలో బొటనవేలంత వేయడం నేను చూశాను, వేశాను కూడా. ఇక్కడ అలా చేస్తే మేం తిట్టే ప్రచారానికీ మాకూ తేడా ఏమీ మిగలదు. ఆ సవరణ కాగితాన్ని చార్టు కంటే ఎక్కువమంది చదివారు.

పదో తరగతి పిల్ల

పెద్దాయన ఇంటికి సర్దిచెప్పడానికి వెళ్లాం. ఆయన తెలుగు కరపత్రం చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆయన మనవరాలు పదో తరగతి, ఒడియా మీడియం. బడి నుంచి వచ్చి, సంచిలోంచి పుస్తకానికి వేసిన అట్ట విప్పి చూపించింది. ఒడియా కరపత్రం. బడి దగ్గర పంచితే పుస్తకానికి అట్ట వేసుకుంది. అదే వరి కంకి బొమ్మ, అదే సైజు. మేం అప్పటికే దాన్ని చూశాం, తెలుగుదానికి ఒడియా అనువాదమే అనుకుని పక్కన పెట్టేశాం. మా ముగ్గురిలో ఒడియా గడగడా చదివేది ఒక్కరు, వాళ్లు కూడా ఫోన్ నంబరు చూసి ఊరుకున్నారు.

పిల్ల వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పింది. "తాతా, ఇందులో ఉద్యోగాలు ముందు ఈ మట్టిలో పుట్టినోలకే అని ఉంది. బయట నుంచొచ్చిన ఆంధ్రావాళ్లు పట్టుకుపోకుండా సమితి చూసుకుంటాదంట."

పెద్దాయన తన కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. "అదేటమ్మా? దీన్లో బాషతో పన్లేదు, ఇంటికో ఉద్యోగం అనుంది కదా?"

ఇద్దరూ ఒకే అరుగు మీద ఉన్నారు. ఆయన కాగితం ఆ పిల్ల చదవలేదు, ఆ పిల్ల కాగితం ఆయన చదవలేడు.

అప్పుడు మిగతావి బయటికి తీశాం. తెలుగు కరపత్రం రెండో పేరాలో "మీ పల్లం భూములకు ఎలాంటి నష్టం లేదు, పని అంతా కొండపైనే" అని ఉంది. కొండ గూడెంలో మైకు ఆటో కువిలో వేసిన ఆడియో మా దగ్గర ఫోన్లో రికార్డయి ఉంది, వినలేదు. మర్నాడు గూడెంలో ఒకామె చేత వినిపించుకున్నాం. కొండ జోలికి ఎవరూ రారు, కింద భూముల్లోనే పని అని ఉంది అందులో. పల్లంవాళ్లకి కొండ చూపించారు, కొండవాళ్లకి పల్లం చూపించారు. కువి ఆడియో చివర వచ్చే ఫోన్ నంబరు మళ్లీ అదే.

ఏ కాగితాన్ని విడిగా తీసుకున్నా అబద్ధమని నిరూపించడం కష్టం. అన్నీ రేపటి మాటలు, హామీలు. రెండు పక్కపక్కన పెడితేనే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. ఊళ్లో అందరి ముందూ వాటిని పక్కపక్కన పెట్టి చదివినవాళ్లే లేరు.

ఎలా చెప్పాలన్న తర్జనభర్జన

ఇది పనికొచ్చిన భాగం, కాబట్టి నిదానంగా రాస్తాను. మా ముందు మూడు దారులున్నాయి. పేపర్‌కి ఇవ్వడం. ఆన్‌లైన్‌లో పెట్టడం. ఊళ్లో చదివి వినిపించడం.

పేపర్‌కి ఇస్తే తెలుగు పేపర్లో తెలుగువాళ్లని తిట్టారన్న కోణంలో వస్తుంది. హెడ్డింగు ఎలా ఉంటుందో నేనే రాసి చూపించగలను. ఆన్‌లైన్‌లో పెడితే ఊరికి సంబంధం లేనివాళ్లు కొట్టుకుంటారు. చదివి వినిపిస్తే ఇంకో ప్రమాదం. ఒడియా కాగితంలో "ఆంధ్రావాళ్లు" అన్న మాట సంతలో మైకులో పలికితే ఆ సాయంత్రం ఏం జరుగుతుందో చెప్పలేం.

చివరికి ఇలా అనుకున్నాం. ముందు సంత వద్దు, బడి వరండాలో చిన్న కూడిక. మూడు వీధుల నుంచీ తలో ఆరేడుగురు, ఆడవాళ్లు సగమైనా ఉండాలి. ముందు కొండా పల్లమూ సంగతి చదవాలి, ఉద్యోగాల పేరా తర్వాత. మొదటిదాంట్లో ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, అందరూ సమానంగా మోసపోయారు. అది విన్నాక రెండోది వింటే కోపం పక్కింటి మీదకి కాకుండా కాగితం మీదకి వెళ్తుందని ఆశ. ఏ భాష కాగితం ఆ భాష మనిషే చదవాలి, పక్క వీధి మనిషి తన భాషలోకి మార్చి చెప్పాలి. మేం ఒక్క మాటా మాట్లాడకూడదు. కంపెనీ పేరు, ట్రస్టు పేరు, బాణాలు, ఏవీ ఎత్తకూడదు. మేం వ్యాఖ్యానం చేస్తే వాళ్లు మా వ్యాఖ్యానంతో పోట్లాడతారు, కాగితం వదిలేస్తారు. చార్టు నేర్పింది అదే.

ఒడియా కాగితం చదివింది కేరళ నుంచి వచ్చిన ఆ కుర్రాడు. మేం అడగలేదు, తనే వచ్చాడు. "ఆంధ్రావాళ్లు" అన్న వాక్యం దగ్గర ఆగి, ఎదురుగా కూర్చున్న పెద్దాయన వైపు చూసి, మళ్లీ కాగితంలోకి చూసి చదివేశాడు. పెద్దాయన నవ్వాడు. "సదువు బాబూ, నువ్వు రాసింది కాదు కదా" అన్నాడు. కువి ఆడియో వేశాక కొండ గూడెం ఆడవాళ్లు ఇద్దరు లేచి మళ్లీ వేయమన్నారు. మూడుసార్లు వేశాం.

అక్కడ ఎవరూ ప్రాజెక్టు వద్దనలేదు, కావాలనీ అనలేదు. "వీటిలో ఏది నిజమో వాళ్లనే అడుగుదాం" అని తేల్చారు.

జన శుణాణి రోజు

ఈఐఏ నోటిఫికేషన్‌లో చాలామందికి తెలియని ఒక మాట ఉంది. పేపర్లు చేరని చోట దండోరా వేయించో, రేడియో, టీవీల ద్వారానో జనానికి తెలియజేయాలని. ఆ మాట చూపించి తెలుగులో, కువిలో దండోరా వేయించమని ఊరివాళ్లు అర్జీ ఇచ్చారు. చివరి వారంలో వేయించారు. సభకి ఇంతమంది రావాలన్న కోరం లేదు, కానీ జరిగినదంతా వీడియో తీయాలి, లేవనెత్తిన అంశాలు స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి. ఈ రెండూ ఊరివాళ్లకి ముందే చెప్పాం. ప్రశ్న ఏమిటన్నది మాత్రం వాళ్లదే.

ముగ్గురు లేచారు, మూడు భాషల్లో ఒకటే అడిగారు. ఈ మూడింట్లో ఏది మీ మాట? రాతపూర్వకంగా కూడా ఇచ్చారు, మూడింటి నకళ్లూ జతచేసి. అధికారి కంపెనీ ప్రతినిధి వైపు చూశాడు. ప్రతినిధి పక్కవాళ్లతో కాసేపు మాట్లాడి, ఆ కరపత్రాలతో తమకి సంబంధం లేదని, నివేదికలో ఉన్నవే తమ హామీలని చెప్పాడు. అది మినిట్స్‌లోకి ఎక్కింది. నివేదికలో ఉద్యోగాల లెక్క ఊరికి ఇంటికొకటి పంచేంత లేదు, అందులోనూ చాలావరకు కాంట్రాక్టు పని.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మధ్యాహ్నం భోజనాల వేళకి, సగం మంది ఇంకా మాట్లాడకముందే, ఒక ప్రెస్‌నోట్ నా చేతికి వచ్చింది. "ప్రజలు ముక్తకంఠంతో స్వాగతించారు" అని ఉంది. మర్నాడు రెండు పేపర్లలో అదే వాక్యం, కామాతో సహా. ముక్తకంఠం అనేది ప్రెస్‌నోట్లో తప్ప ఇంకెక్కడా బతకని మాట. డెస్క్‌లో ఉండగా నేనే ఎన్నిసార్లు వదిలేశానో. విలేకరులని ఒక్కమాట అనను. చిన్న ఊళ్లలో కంట్రిబ్యూటర్ వార్తా రాయాలి, యాడ్సూ తేవాలి. 2010లో ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని వేసే వార్తల మీద ఇచ్చిన నివేదిక ఆ రోజుల్లో డెస్క్‌లో చేతులు మారుతూ తిరిగింది. అందులో ఉన్నది మాకు కొత్త కాదు, అచ్చులో చూడటమే కొత్త.

ఇప్పుడు చేసే తీరు

ఆ కేసు తర్వాత పని వరస మార్చుకున్నాం. ఇదివరకు ముందు డబ్బు వెతికేవాళ్లం, తర్వాత మాట. ఇప్పుడు మొదటి వారమంతా మాటే. ఊళ్లో ఎన్ని భాషలుంటే అన్నిట్లో ఏం చెప్పారో సేకరించి, ఒకే పెద్ద కాగితం మీద పక్కపక్క గడుల్లో రాస్తాం. భూమి గురించి ఎవరికేం చెప్పారు, ఉద్యోగం గురించి ఎవరికేం చెప్పారు, నీళ్ల గురించి ఎవరికేం చెప్పారు. ఖాళీ గడి కూడా ఆధారమే. గెడ్డ మాట ఒడియా కాగితంలో ఉంది, తెలుగుదాంట్లో అసలు లేదు. ఆ నీళ్లు వాడేది తెలుగు వీధే. అది సభ అయిపోయాక గడులు నింపుతున్నప్పుడు కనిపించింది మాకు. ముందే చూసి ఉంటే సభలో ఇంకో ప్రశ్న ఉండేది.

డబ్బు దారి వెతకడం మానలేదు. అది ఫైల్లో పెడతాం, అవసరమైన చోట వాడతాం. గోడకెక్కించం. మనుషుల పేర్ల దగ్గర బాణం గీయాలంటే ఇప్పుడు రెండు ఆధారాలుండాలి. డబ్బు అందినట్టు ఒకటి, ఆ డబ్బువల్లే మాట మారినట్టు ఇంకొకటి. రెండోది దాదాపు ఎప్పుడూ దొరకదు, కాబట్టి బాణాలూ తగ్గాయి.

ప్రాజెక్టు ఫైలు ఇంకా నడుస్తోంది. ఊళ్లో సరుకుల కొనుగోళ్లు మళ్లీ మొదలయ్యాయి, చింతపండు బుట్టలు మళ్లీ తెలుగు వీధి అరుగుల మీద దిగుతున్నాయి. కేరళ కుర్రాడు మళ్లీ కేరళ వెళ్లాడు.

మొన్నామధ్య అటు వెళ్తే పెద్దాయన కనిపించాడు. మా దగ్గరున్న తెలుగు కరపత్రం వానకి తడిసి పాడైంది, ఫైల్ కోసం ఇంకో కాపీ ఉందేమోనని అడిగాను. లోపలికెళ్లి భూమి పట్టా ఉన్న ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. పట్టా వెనకాల నాలుగు మడతలు పెట్టి ఉంది కరపత్రం.

"దాచుకున్నారా పెద్దయ్యా? వాళ్లది కాదన్నారు కదా."

"అన్నారు. మీరు రానప్పుడు ఇంటికో ఉద్యోగం అని ఒక కాయితమైనా ఉండీది బాబూ. అడగడానికి చేతిలో ఏదో ఒకటి. మీరొచ్చి అడిగించారు, ఆలు కాదనీసారు. ఇప్పుడు దీన్ని పట్టుకుని ఎవల్ని అడగను?"

ఏం చెప్పాలో తోచలేదు. కాగితం చేతికిచ్చి, "జెరాక్స్ తీసీసి నాది నాకిచ్చీ" అన్నాడు. బ్లాకు ఆఫీసు ఎదురుగా దుకాణంలో రెండు రూపాయలకి జెరాక్స్ తీయించి, ఉన్న మడతల మీదే మడిచి తెచ్చి ఇచ్చాను.